డప్పుకి కావలసిన సెగ

హైమవతికి పొగ పడలేదు. అదీ గొడవకి మొదలు.

మా యూనివర్సిటీలో విద్యార్థి బృందాల కచేరీలు జరుగుతున్న రోజులవి. శుక్రవారం వస్తే చాలు, సాయంత్రం రెండు బృందాలు. ఓసారి ఖవ్వాలీ, నాదస్వరం. ఇంకోసారి బృందగానం, గిటార్లు. ఆ శుక్రవారం ముందు మా వీణలు, తర్వాత జానపద కళల విభాగం వాళ్ళ డప్పులు. మా బృందానికి హైమవతి పెద్ద. నేను తంబూరా.

శ్రుతి చేసుకోమని మాకు స్టేజీ పక్కన మంచి గది ఇచ్చారు. డప్పుల వాళ్ళని మాత్రం వెనక సైకిల్ స్టాండు దగ్గరికి పొమ్మన్నారు. వాళ్ళు అక్కడే ఎండుటాకులు పోగేసి మంట వేసుకుని డప్పులు కాచుకుంటున్నారు. ఆ పొగ మా కిటికీలోకి వచ్చింది.

హైమవతి విసురుగా లేచింది. బకెట్టు నీళ్ళు తీసుకెళ్ళి మంట మీద గుమ్మరించేసింది.

డప్పుల బృందాన్ని నడిపే సుగుణ నిలువునా బిగుసుకుపోయింది.

"ఇదేం పనక్కా? మబ్బు పట్టి, చెమ్మకి తోలు మెత్తబడిపోయింది. సెగ తగలకపోతే డప్పు పలకదు."

"పలక్కపోతే ఏం? కొట్టడమేగా!"

కిటికీలోంచి వింటున్న నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం మాటలవి?

"మీరు అరగంట నుంచీ శ్రుతి చేసుకుంటున్నారు. మేమేమన్నా అన్నామా?" అంది సుగుణ. "డప్పు ఈ స్టేజీ ఎక్కడం ఇవాళే మొదలు. మా అమ్మానాన్నా ముందు వరసలో కూర్చున్నారు. మొద్దు చప్పుడు వినిపించమంటావా వాళ్ళకి?"

హైమవతి లోపలికి వచ్చేసింది. గుమ్మంలో మా వీణ గురువు పేరిందేవి గారు నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

"చూడండి టీచర్, ఆ పొగలో శ్రుతి ఎలా చేసుకుంటాం?" అంది హైమవతి.

ఆవిడ తిన్నగా వెళ్ళి హైమవతి వీణ ముందు కూర్చున్నారు. ఒక్కొక్క బిరడా పట్టుకుని వెనక్కి తిప్పేశారు. తీగలన్నీ వదులై వేలాడాయి.

అప్పుడే మైకులో మా పేర్లు పిలిచారు.

"పద, వాయించు," అన్నారావిడ.

"ఎలా వాయించనండీ! శ్రుతంతా పోయింది. ఇది అన్యాయమండీ!"

"పోతే ఏం? మీటడమేగా."

హైమవతి మొహం కందిపోయింది. వీణ వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. మైకులో మళ్ళీ పిలిచారు. ఆ పిల్ల గబగబా స్టేజీ దగ్గరికి వెళ్ళి, "మేం తర్వాత వాయిస్తాం. ముందు డప్పులు. కాసేపు ఆగమని చెప్పండి," అని అటునుంచి అటే వెనక సైకిల్ స్టాండుకి పరిగెత్తింది.

ఆకులన్నీ తడిసి ముద్దయ్యాయి. అంటుకోవు. ప్రహరీ పక్కనుంచి ఓ ఎండు కొబ్బరిమట్ట ఈడ్చుకొచ్చి, విరిచి, మంట వేసింది. ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడ్డాయి. డప్పు కోసం చెయ్యి చాచింది. సుగుణ వెంటనే ఇవ్వలేదు. ఎందుకిస్తుంది? ఆ ఎర్రబడ్డ కళ్ళు చూసి, చివరికి ఇచ్చింది.

హైమవతి డప్పుని సెగ మీద తిప్పింది. వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ తట్టింది. పేరిందేవి గారు వచ్చి వెనక నిలబడితే తలెత్తి అడిగింది.

"సరిపోయిందా టీచర్?"

"నన్నడుగుతావేం? ఆ అమ్మాయినడుగు."