కాలు తగిలినప్పుడు

హైమవతి బొటనవేళ్లు అరిగిపోయాయి. ఒంగోలులో ఫిజియోథెరపిస్టుగా ఊళ్లోవాళ్ల నడుములూ మెడలూ నొక్కీ నొక్కీ, ఇప్పుడు నీళ్ల సీసా మూత కూడా తిప్పలేకపోతోంది. "బొటనవేళ్లతో నొక్కడం మానండి, లేదంటే ఈ పనే మానండి," అన్నాడు ఎముకల డాక్టరు.

థాయ్ మర్దనలో మోచేతులతో, మోకాళ్లతో, పాదాలతో పని చేస్తారని విని థాయిలాండులోని చియాంగ్ మాయ్ వచ్చింది. ఖ్రూ బువా దగ్గర చేరింది. ఖ్రూ అంటే అక్కడ గురువు. పొట్టి మనిషి, పెద్దావిడ. ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటుంది.

మోచేతి పని వచ్చింది. మోకాలి పని వచ్చింది. పాదాల దగ్గరే ఆగిపోయింది.

చూడటానికి సులువే. వెల్లకిలా పడుకున్న మనిషి కాళ్ల దగ్గర కూర్చోవాలి. రెండు చేతులతో మడమ పట్టుకుని కాలు కొంచెం పైకెత్తాలి. తన పాదంతో ఆ మనిషి తొడని నొక్కుకుంటూ పోవాలి. హైమవతి పాదం ఆనించేది. మరుక్షణం కుడిచెయ్యి మడమని వదిలేసి, ఆ మనిషిని తాకి, తన కళ్ల దగ్గరికి వెళ్లిపోయేది. కాలు తగిలితే కళ్లకద్దుకోవాలని చిన్నప్పుడు ఎవరు చెప్పారో ఆమెకు గుర్తులేదు. చేతికి గుర్తుంది.

రేపే తిరుగు ప్రయాణం.

ఆ ఉదయం కూడా అందరూ జీవకుడి విగ్రహం ముందు కూర్చున్నారు. బుద్ధుడికి వైద్యం చేసిన జీవకుడే తమ విద్యకు మూలపురుషుడని అక్కడివాళ్ల నమ్మకం. పని మొదలుపెట్టే ముందు చేతులు జోడించి కళ్లు మూసుకోవాలి. హైమవతి జోడించిన చేతుల మీదుగా గోడ గడియారం చూసింది. మోకాలు ఊగుతూనే ఉంది. అందరికంటే ముందు లేచి చాప పరిచింది. వచ్చినప్పటినుంచీ అంతే.

బజార్లో పూలమ్మే నోయ్ బామ్మ వచ్చి చాప మీద పడుకుని కళ్లు మూసుకుంది. కొత్తవాళ్లు నేర్చుకోవడానికి రోజూ తన ఒళ్లు అప్పగించేది ఆవిడే. హైమవతి మడమ ఎత్తి, పాదం ఆనించింది. కుడిచెయ్యి కళ్ల దగ్గరికి పోయింది. మిగిలిన ఎడమచేతికి పట్టు చాల్లేదు. కాలు దభీమని కింద పడింది.

బామ్మ లేచి కూర్చుని గట్టిగా ఏదో అంది. గదిలో అందరూ నవ్వారు.

"ఏమంటోంది?"

"ఇది కాలు, కొబ్బరికాయ కాదు అంటోంది," అంది ఖ్రూ ఇంగ్లీషులో.

"తప్పయిందని కళ్లకద్దుకున్నాను కదండీ!"

"కళ్లు మూసుకున్న మనిషికి అదెక్కడ కనిపిస్తుంది? కాలు పడటం ఒక్కటే తెలిసింది."

హైమవతికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "రేపీపాటికి విమానంలో ఉంటాను. ఈ ఒక్కటీ రాకపోతే క్లినిక్కు మూసుకోవడమే. నాకు ఇంకో పని రాదు. ఏదైనా చెయ్యండి. కావాలంటే నా చేతులు మడమకి కట్టేయండి!"

ఖ్రూ నోట్లోది మింగింది. బామ్మని పక్కకి జరగమని, తనే చాప మీద పడుకుంది. మోకాలి మీద ఆపరేషన్ మచ్చ పొడుగ్గా కనిపిస్తోంది.

"ఈ కాలు పట్టుకో."

"మీదా? గురువు మీద కాలు పెట్టనా?"

"పెట్టకపోతే నీ క్లినిక్కు పోతుంది. పడేస్తే నా మోకాలు పోతుంది."

హైమవతి గబుక్కున మడమ అందుకోబోయింది. ఖ్రూ కాలు ముడుచుకుంది. మళ్లీ చాపింది. మళ్లీ అందుకోబోతే మళ్లీ ముడుచుకుంది. పక్కన కూర్చున్న నోయ్ బామ్మ వేరుశనగకాయలు ఒలుచుకుంటూ తమాషా చూస్తోంది.

"ఏంటండీ ఇది, చిన్నపిల్లలాగా?"

"పొద్దున పెట్టాల్సిన దణ్ణం పెట్టవు. అందుకే రోజంతా పెడుతున్నావు," అంది ఖ్రూ. కళ్లు మూసుకుంది. "ఇప్పుడు పెట్టు. నాకేం తొందర లేదు."

హైమవతి చేతులు జోడించి కళ్లు మూసుకుంది. బయట ఎవరో మోటారుసైకిలు స్టార్టు చేస్తున్నారు. అది అందుకోవడం లేదు. మళ్లీ తన్నారు. మళ్లీ. హైమవతి మోకాలు ఊగుతోంది. ఊగి ఊగి, ఎప్పటికో ఆగింది. ఆ బండి ఎప్పుడు వెళ్లిపోయిందో ఆమెకు తెలియలేదు.

కళ్లు తెరిచి, మడమని రెండు చేతుల్లోకి తీసుకుంది. పాదం ఆనించింది. తీసి, ఇంకాస్త పైన ఆనించింది. కుడిచేతి వేళ్లు ఒకసారి కదిలాయి. కదిలి, మడమ చుట్టూ సర్దుకున్నాయి.

నోయ్ బామ్మ కాయలు ఒలవడం ఆపింది.

"కొంచెం గట్టిగా," అంది ఖ్రూ, కళ్లు తెరవకుండానే.