గాంధారం గిన్నె

భమిడి విశ్వపతిగారు ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు గిన్నెలను పలకరించేవారు. వేలి కణుపుతో ఒక్కొక్కదాన్నీ తట్టి, చెవి ఒగ్గి విని, ఆ తరువాతే విస్తరి ముందు కూర్చునేవారు. ఇంటివాళ్ళు చాటుకు నవ్వుకునేవారు. నవ్వుకోనివ్వండి. ఊళ్ళో నీళ్ళు పోసిన గిన్నెల మీద జలతరంగం వాయించే మనిషి ఆయనొక్కడే. ఆయన పింగాణీ గిన్నెల్లో కొత్తగా కొన్నది ఒక్కటీ లేదు, అన్నీ పాత సామాన్ల కొట్లలో తట్టి తట్టి ఏరుకున్నవే.

ఆయన శిష్యుడు చయనులికి భార్య సుగుణ పోయి రెండేళ్ళయింది. అతని అక్కగారు పూనుకుని, బొబ్బిలిలో ఇందుమతి అనే పంతులమ్మ సంబంధం చూసింది. పెళ్ళిచూపులయ్యాక ఇందుమతి సరేనంది. ఔనో కాదో ఇతనే సాయంత్రంలోగా కబురు చెయ్యాలి. ఇతనికేమో ముద్ద దిగడం లేదు. పొద్దున్నే వచ్చి గురువుగారి దగ్గర చతికిలబడి, "పోయిన మనిషి చోట్లో ఇంకో మనిషిని కూర్చోబెట్టడం న్యాయమేనాండీ?" అని అడిగాడు.

గురువుగారు కండువా భుజాన వేసుకున్నారు. మొన్న కడుగుతూంటే తన చేతిలోంచే జారి గాంధార స్వరం పలికే గిన్నె పగిలిపోయిందనీ, బజారుకు తోడు రమ్మనీ అన్నారు. ఆ గిన్నె ఆయనకు ఆయన గురువు ఇచ్చినది. పెంకులు పారెయ్యకుండా పాత ఉత్తరీయంలో మూటకట్టి, గిన్నెల పెట్టెలోనే ఒక మూల పెట్టుకున్నారు.

విజయనగరం గంటస్తంభం వెనక సందులో బంగారమ్మ కొట్టు. మూతపడ్డ హోటళ్ళ సామాను, పచ్చడి జాడీలు, చెవులూడిన కప్పులు నేలమీద గుట్టలుగా పడి ఉంటాయి. చయనులు పాతదానిలాగే నీలం తీగల బొమ్మలున్న గిన్నె కోసం గుట్టంతా తిరగేశాడు. దొరికింది కూడా. ప్రాణం లేచొచ్చి గురువుగారికి అందించాడు. ఆయన తట్టారు. కంటికి ఆనని బీట ఎక్కడో ఉంది, గిన్నె మోగక ఠప్పుమంది. చివరికి ఆయన ఏరింది ఒక లావుపాటి పసుప్పచ్చ గిన్నె, ఏ హోటల్లోనో సాంబారు మోసి మోసి వచ్చినది. చయనులి మొహం వాలిపోవడం బంగారమ్మ కంటపడింది.

"గిన్నె కావాలేటి బాబూ, దాని మీద బొమ్మ కావాలేటి?" అంది.

ఇంటికొచ్చి చయనులు గిన్నెలన్నీ వరసగా పేర్చాడు. ఏ గిన్నెకు ఎన్ని ఉద్ధరిణుల నీళ్ళు పట్టేదీ అతనికి కంఠతా వచ్చు, ఆ సంగతిలో కాస్త గర్వం కూడా ఉంది. గాంధారానికి ఎప్పుడూ పోసే లెక్కనే కొత్త గిన్నెకూ పోసి, పుల్లతో తాకాడు. అది శ్రుతికి దిగువన ఎక్కడో మూలిగింది. మళ్ళీ తాకాడు. పుల్ల కింద పెట్టేశాడు.

"ఇది ఆ గిన్నె కాదండీ" అన్నాడు.

"కాదు" అన్నారు గురువుగారు.

గిన్నెను దగ్గరకు తీసుకుని, అందులో నీళ్ళన్నీ పెరట్లో మొక్కకు ఒంపేసి, చెంబుతో కొంచెం పోశారు. తట్టి విన్నారు. ఇంకొంచెం పోశారు. ఆయనకు తొందరేమీ లేదు, పసిబిడ్డకు పాలు పట్టే తల్లిలా కూర్చున్నారు. ఉన్నట్టుండి గాంధారం పలికింది. ఆ స్వరమే, గొంతు మాత్రం వేరు, కాస్త గుండ్రంగా, నిండుగా ఉంది. చయనులికి కళ్ళు చెమర్చాయి. సుగుణ గుర్తొచ్చింది. ఆ వెనకే పెళ్ళిచూపులనాటి ఇందుమతి గుర్తొచ్చింది. ఆమె నవ్వుతూ ఏదో చెబుతూంటే, సుగుణ అయితే ఇలా నవ్వేది కాదు కదా అనుకుంటూ తాను ఒక్క మాటా వినకుండా కూర్చున్నాడు. ఆమె ఏం చెప్పిందో ఇప్పుడు ఎంత తలుచుకున్నా తెలియలేదు. సిగ్గనిపించింది.

చయనులు లేచి, కబురు పంపననీ, తానే బొబ్బిలి వెళ్ళి ఆమెతో మాట్లాడి వస్తాననీ చెప్పాడు. గురువుగారు అతని భుజం తట్టారు, మంచి గిన్నెను తట్టినట్టే.

"వెళ్ళిరా నాయనా. చేతిలో ఉద్ధరిణి ఉండిపోయింది చూసుకో, దాన్ని ఇక్కడ పెట్టి వెళ్ళు."