మూడు మెలికల ముడి

ఊరి చివర ఒక చావడి ఉండేది. దాని నిండా దారాలు వేలాడేవి.

ఏదైనా అడగాలనుకున్నవాళ్లు తాటాకు ముక్క మీద ఆ మాట గీసి, కొత్త దారానికి కట్టి, గుమ్మం దగ్గర ముందు వరుసలో ఉన్న కొక్కేనికి తగిలించేవారు. జవాబు తెలిసినవాళ్లు దాని కింద తమ ఆకు కట్టేవారు. ఆకు కట్టినవాళ్లు ఆ దారాన్ని తీసి ముందు వరుసలో వేసి పోవాలి. అది అక్కడి ఆనవాయితీ. ఎవరూ ముట్టని దారాలు రోజురోజుకీ వెనక్కి జరిగి, గోడ దాకా పోయి, అక్కడే దుమ్ము పట్టేవి.

ఆకుల మీద పేర్లుండవు. గుర్తులుంటాయి. గొడుగు, తేలు, తాళంచెవి. ఏ గుర్తు ఎవరిదో అడక్కూడదు. అదీ ఆనవాయితీయే.

దీపం గుర్తు ఒక తల్లిది.

రెండేళ్ల కిందట ఆమె కూతురు నచ్చినవాడి వెంట వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు తల్లి ఒక మాట అంది. "మళ్లీ ఈ గడప తొక్కకు." కూతురు తొక్కలేదు. ఆ మాట వెనక్కి తీసుకుందామంటే కూతురు ఎక్కడుందో తెలియదు.

ఒకరోజు తల్లి చావడికి వచ్చింది. ముందు వరుసలో ఒక దారం. దానికి ఒకే ఆకు. "మెంతికూర పప్పు చేదు వస్తోంది. మా ఇంట్లో ఏదో వేసేవారు. అడిగి పెట్టుకోలేదు." కింద పిట్ట గుర్తు.

చదివి దాటిపోయేదే. ముడి చూసి ఆగిపోయింది. మూడు మెలికలు, చివర ఒక వెనక్కి తిప్పు. పూలు కట్టడం నేర్పుతూ కూతురికి తను చూపించిన ముడి. అందులో మల్లెమొగ్గ కూడా జారదు. అలా కట్టేది తామిద్దరే.

ఆమె వేలితో ఆ ముడిని తడిమింది. తర్వాత ఒక ఆకు తీసుకుంది. "దించేముందు చిన్న బెల్లం ముక్క." దీపం గుర్తు. అదే ముడి.

అప్పటినుంచి ఆ దారం పెరిగింది. పిట్ట అడిగేది, దీపం చెప్పేది. ఆవకాయకు బూజు పడితే. దుప్పటి మీద పసుపు మరక పోవాలంటే. కాపు కాస్తే పిట్టను చూడొచ్చు. తల్లి కాపు కాయలేదు. ఎగిరిపోతుందని భయం. దీపం ఎవరో పిట్టకు తెలుసో లేదో కూడా ఆమెకు తెలియదు. అడిగితే దారం తెగుతుంది.

పదిహేనో ఆకు ఇలా ఉంది. "ఏడో నెల. కాళ్లు పట్టేస్తున్నాయి. అందరికీ ఇంతేనా?"

తల్లి ఆ రోజు మూడు ఆకులు పాడుచేసింది. నాలుగోదాని మీద, "ఇంతే. గోరువెచ్చని నువ్వులనూనె రాసుకో. భయం లేదు," అని గీసి కట్టింది.

ఆ వారంలోనే చావడి నడిపే ఆయన అందరినీ పిలిచాడు.

"దారాలు తీసేస్తున్నాం," అన్నాడు. "అరలు వస్తున్నాయి. వంటకు ఒక అర, వైద్యానికి ఒక అర, పంటలకు ఒకటి. మీ ఆకు తెచ్చి బల్ల దగ్గర ఇవ్వండి. మావాళ్లు సర్దుతారు. ఆకు నచ్చినవాళ్లు దానిమీద బొటనవేలి ముద్ర వెయ్యండి. ఎక్కువ ముద్రలు పడిన ఆకు పైన ఉంటుంది. లేనివి కిందికి పోతాయి."

చావడి ఒక్కసారిగా లేచింది.

"ఎవర్ని అడిగి మార్చావయ్యా?" అన్నాడు ఒక ముసలాయన, కర్ర నేలకు కొట్టి. గొడుగు గుర్తు ఆయనదని అప్పుడే అందరికీ అర్థమైంది. "నేను ఈ చావడికి మొదటి దారం కట్టినవాణ్ని."

"మొదటి దారం నీదే పెద్దాయనా. దాని కింద ఇంతవరకూ ఒక్కరూ జవాబు కట్టలేదు," అన్నాడొకడు వెనకనుంచి. జనం నవ్వారు. అందరూ తిరిగి చూశారు. తన ఆకులతో ఊరంతటినీ కుట్టి ఏడిపించిన తేలు ఇతనే, చేతిలో టిఫిన్ గిన్నె పట్టుకున్న సన్నపాటి మనిషి. అందరూ చూస్తుంటే గిన్నె వెనక్కి దాచుకున్నాడు.

"నేను పోతున్నాను," అన్నాడు తాళంచెవి. "ఇక ఈ చావడి మొహం చూడను."

"నిన్న కూడా పోయావుగా?"

"నిన్న చెప్పాను. ఇవాళ పోతున్నాను."

పోలేదు. గుమ్మంలోనే నిలబడి, వచ్చినవాళ్లందరికీ తను పోతున్న సంగతి చెప్పాడు.

చావడి నడిపే ఆయన చెయ్యెత్తాడు. "చెక్క కొక్కేలు తీసి ఇనపవి పెట్టినప్పుడూ ఇంతే గోల చేశారు. ఇప్పుడు ఆ ఇనప కొక్కేలే కావాలంటున్నారు. నాలుగు రోజులు పోతే అలవాటవుతుంది."

"ఉన్న దారాలు ఏమవుతాయి?" అంది తల్లి.

ఆమె గొంతు పెద్దది కాదు. దగ్గరున్న ఆయనకు మాత్రం వినబడింది.

"పది రోజులు చూస్తామమ్మా. ఈ పది రోజుల్లో ఏ దారం కదిలితే దాన్ని విప్పకుండా ఉన్నదున్నట్టు అరలోకి మారుస్తాం. కదలనివి గోనెల్లో కట్టి వెనక గదిలో పడేస్తాం."

తల్లికి ప్రాణం లేచొచ్చింది. తన దారం కదులుతుంది. పిట్ట వారానికోసారి వస్తుంది.

కానీ ఆ సాయంత్రమే గొడుగాయన ఇంటి అరుగు మీద జనం చేరారు. మన కోపం కనబడాలన్నారు. ఎలా అంటే ఎలా అనుకున్నారు. చివరికి తేలు ఉపాయం చెప్పాడు. "పాతదే కావాలి" అని ఆకుల మీద గీయాలి. ప్రతి దారానికీ ఒకటి కట్టాలి. ఒక్క దారం వదలకూడదు.

మూడు రోజులు కట్టారు. పనులు మానుకుని కట్టారు. గోడ పక్కన దుమ్ము పట్టిన దారాలకూ, ఏ ఊరికో వలసపోయినవాళ్ల దారాలకూ, చనిపోయినవాళ్ల దారాలకూ కట్టారు. ఆకు కట్టిన ప్రతి దారాన్నీ ఆనవాయితీ తప్పకుండా ముందు వరుసలో వేశారు.

నాలుగో రోజు తల్లి వచ్చేసరికి ముందు వరుస ఎక్కడుందో తెలియలేదు. చావడంతా ముందు వరుసే. దారాల మీద దారాలు. ఆమె చేతులతో తప్పించుకుంటూ వెతికింది. మధ్యాహ్నానికి దొరికింది. చివర కొత్త ఆకు కనబడగానే ఆత్రంగా తిప్పి చదివింది.

"పాతదే కావాలి." తేలు గుర్తు. జారుడు ముడి.

ఆమె దారాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. పక్కనుంచి తేలు ఇంకో పిడికెడు ఆకులతో పోతున్నాడు.

"మీది కూడా కట్టేశానమ్మా," అన్నాడు గర్వంగా. "ఒక్కటీ వదల్లేదు."

ఆమె దారాన్ని మెల్లగా వదిలేసింది.

పదో రోజు చావడి మనుషులు వచ్చి చూశారు. అన్ని దారాలూ కదిలాయి. ఏది బతికిందో ఏది పోయిందో తేల్చడం ఎవరి వల్లా కాలేదు. అన్నీ కలిపి గోనెల్లో కుక్కారు. ఇరవై మూడు గోనెలు.

అరలు వచ్చాయి. మొదటి వారం ఎవరూ వాటిని ముట్టలేదు. రెండో వారం, ఎలా ఉందో చూద్దామని ఒకరిద్దరు ఆకులిచ్చారు. మూడో వారం గొడుగాయన ఆకు మీద పదకొండు ముద్రలు పడ్డాయి. దారాల కాలంలో ఆయనకు ఒక్క జవాబూ రాలేదు. ఆయన రోజూ పొద్దున్నే వచ్చి ముద్రలు లెక్కపెట్టుకునేవాడు. "దారాలకి దుమ్ము. తుమ్ములు వచ్చేవి," అనేవాడు. తాళంచెవి తను పోయిన సంగతి గీసి ఇచ్చాడు. దానికి అన్నిటికంటే ఎక్కువ ముద్రలు పడ్డాయి. ఎలా ఉందో చూసుకోవడానికి రోజూ వచ్చేవాడు.

తల్లి కూడా ఆకులిచ్చింది. వంట అరలో. "మెంతికూర పప్పు దించేముందు చిన్న బెల్లం ముక్క." దీపం గుర్తు. ఆకును దేనికీ కట్టే పని లేదు, కాబట్టి ముడి లేదు. ఎవరూ ముద్ర వెయ్యలేదు. మర్నాటికి అది అడుక్కి పోయింది. ఆమె మళ్లీ ఇచ్చింది. మళ్లీ పోయింది. బల్ల దగ్గరున్నవాడు విసుక్కున్నాడు. "ఒకటే మాట ఎన్నిసార్లమ్మా? అందరికీ తెలిసిందేగా."

ఏడో నెల పోయింది. ఎనిమిది, తొమ్మిది. తల్లి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆ తర్వాత లెక్కపెట్టడానికి భయపడింది.

ఒకరోజు చావడి నడిపే ఆయన దగ్గరికి వెళ్లింది. "వెనక గది తాళం ఇప్పిస్తారా?"

"దానికి తాళం లేదమ్మా. అక్కడికి ఎవరు పోతారు?" అని ఆగాడు. "మొన్నెవరో అడిగారు. పనిలో ఉన్నాను, తలెత్తి చూళ్లేదు."

ఆమె కాళ్లు తొందరపడ్డాయి.

గదిలో గోనెల మధ్య ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తేలు. పక్కన టిఫిన్ గిన్నె. ఒళ్లో దారాల చిక్కు. "పాతదే కావాలి" ఆకులు ఒక్కొక్కటే విప్పి పక్కన పోగేస్తున్నాడు. ఆ పోగు అతని మోకాలి దాకా వచ్చింది.

"మీరా అమ్మా," అన్నాడు, కళ్లెత్తకుండా. "మా తమ్ముడి దారం ఒకటుండేది. వాడు పోయి ఆరేళ్లు. దానికీ నేనే కట్టాను. ఇప్పుడు ఏ గోనెలో ఉందో."

ఆమె అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. ఒక గోనె తన వైపు లాక్కోబోయింది. అతను గోడ వైపు చూపించాడు.

"మొన్న వచ్చేసరికి అదొకటి అక్కడుంది. నేను వెయ్యలేదు."

గోడకు ఒక పాత మేకు. దానికి ఒకే ఒక దారం.

తల్లి లేచి వెళ్లింది. పదహారు ముడులు తడిమింది. నూనె రాసుకోమన్న తన ఆకు. దాని కింద తేలు ఆకు లేదు, ఎవరో విప్పేశారు. ఆ చోట ఇంకా పచ్చిదనం పోని ఆకు ఉంది. మూడు మెలికలు, ఒక వెనక్కి తిప్పు.

ఆకు మీద మాటలు లేవు. ఒక పిట్ట. పక్కన ఇంకా చిన్న పిట్ట.

తల్లి ఆ ఆకును అరచేతిలో పెట్టుకుంది. తేలు తల తిప్పుకుని తన చిక్కు తను తీసుకున్నాడు.

తర్వాత ఆమె నడుముకు దోపుకున్న ఆకు ఒకటి తీసింది. ఏం రాయాలో తోచలేదు. ముందు ఒక గడప గీసింది. గడప మీద దీపం గీసింది. దాన్ని చిన్న పిట్ట కింద కట్టింది. ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది.

"ముందు గదిలో వేసి రానా అమ్మా?" అన్నాడు తేలు. "కొత్త ఆకు పడిందిగా. బల్ల దగ్గరివాడితో పోట్లాడతాను."

"వద్దు," అందామె. "తెలిసిన చోటే ఉండనీ."

ఆ రోజు సాయంత్రం దాకా అతని గోనె విప్పడానికి సాయం చేసింది. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ. ఐదో రోజున తమ్ముడి దారం దొరికింది. తేలు దాన్ని రెండో మేకుకు వేశాడు.

ఎనిమిదో రోజు ఆమె వచ్చేసరికి మొదటి మేకు ఖాళీగా ఉంది.

తేలు గాభరాగా లేచాడు. "నేను తియ్యలేదమ్మా. ఒట్టు. ఇప్పుడే వచ్చాను. పదండి, గోనెలు చూద్దాం. బల్ల దగ్గరివాణ్ని అడుగుదాం."

తల్లి ఖాళీ మేకును చూసింది. కింద నేల మీద దారం పోగు కూడా లేదు. తెంపలేదు. మొత్తంగా తీసుకెళ్లారు.

"కొత్త ఆకు పడిన దారం ముందుకు రావాలి కదా," అంది.

తేలుకు అర్థం కాలేదు. ఆమె గోనెల వైపు చూడలేదు. చావడిలోనుంచి, అరల ముందు ముద్రలు లెక్కపెట్టుకుంటున్న జనం మధ్యనుంచి బయటికి నడిచింది.

దారిలో రెండు కట్టల మెంతికూర కొంది. ఇంట్లో బెల్లం ఉందో లేదో గుర్తు తెచ్చుకుంటూ, ఇంటివైపు వడివడిగా వెళ్లింది.