అందరికంటే వెనక నడిచిన పైడమ్మ

అనగనగా ఒక కొండ మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒక కొత్త కోడలు ఉండేది. పొట్టి మనిషి, గుండ్రటి మొహం. నడకంటావా, చీమ కూడా దాటిపోయేంత నెమ్మది.

ఆ ఊళ్ళో కొట్టు లేదు. ఉప్పు కావాలన్నా, నూనె కావాలన్నా కొండ దిగి సంతకి వెళ్ళాల్సిందే. అందుకని శుక్రవారం తెల్లారగానే ఊరంతా కలిసి బయల్దేరేది. విస్తళ్ళు కుట్టే అడ్డాకులూ చింతపండూ కొండచీపుర్లూ అమ్మకానికి నెత్తిన పెట్టుకుని బారుగా నడిచేవాళ్ళు. అందరికంటే ముందు సూరప్పడు డప్పు కొడుతూ దారి చూపించేవాడు.

పైడమ్మ కాపరానికొచ్చిన కొత్తల్లో పది రోజులు జ్వరంతో మంచం పట్టింది. అప్పుడు ఒకావిడ గంజి కాచి పోసింది. ఒకావిడ కషాయం పట్టింది. ఒకావిడ రోజంతా పక్కనే కూర్చుని తల నొక్కింది. లేచి తిరగ్గానే పైడమ్మ మొగుడితో, "ఇంతమంది నాకు చేశారు. నేను వీళ్ళకేం చెయ్యను?" అంది.

"ఏదో ఒకటి చేద్దువుగాని, ముందు అన్నం తిను" అన్నాడతను.

ఆ శుక్రవారం సూరప్పడికి కాలు బెణికింది. "ఇవాళ నేను ముందు నడుస్తాను మావా" అని పైడమ్మ డప్పు అందుకుంది. ఆ పిట్టనీ ఈ పువ్వునీ చూసుకుంటూ నడిచి, అందర్నీ తిప్పి తిప్పి మళ్ళీ ఊళ్ళోకే తీసుకొచ్చింది.

ఆ తర్వాతి వారం, "మీ బరువు నేను మోస్తాను అత్తా" అని ఒక ముసలామె చింతపండు బుట్ట నెత్తికెత్తుకుంది. వాగు దాటుతుంటే కాలు జారింది. ఆ పూట వాగులో చేపలన్నీ చారు తాగాయిట.

ఆ తర్వాతి వారం అందరికీ చోడి అంబలి కాచింది. అది ఎంత గట్టిగా ఉందంటే గరిటె అందులోనే నిలబడిపోయింది. తీద్దామంటే రాలేదు. ఊరంతా పగలబడి నవ్వింది. పైడమ్మ కూడా నవ్వింది గానీ, ఇంటికెళ్ళి కళ్ళు తుడుచుకుంది. 'నా వల్ల ఎవరికీ ఏ ఉపయోగం లేదు' అనుకుంది.

అప్పటినుంచి ఎవరి కంటా పడకుండా బారుకి చివర నడవడం మొదలుపెట్టింది. అప్పుడేమైంది? చివర నడిచేవాళ్ళకి, ముందువాళ్ళకి కనబడనివి కనబడతాయి కదా. ఒకరోజు ఎవరి మెడలోదో పూసలదండ తెగి దారిలో పడి ఉంటే ఏరి కొంగున కట్టుకుంది. ఇంకోరోజు మేకపిల్ల కాలు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే విడిపించింది. సంతలో వాటిని ఎవరివి వాళ్ళకి ఇచ్చేసేది. వాళ్ళ మొహాలు వెలిగిపోతుంటే పైడమ్మకి కడుపు నిండినట్టుండేది.

ఊఁ కొడుతున్నావా తల్లీ? ఇప్పుడే అసలు సంగతి.

ఆ తర్వాత వానాకాలం వచ్చింది. ఒక శుక్రవారం సంత నుంచి తిరిగొస్తుంటే పట్టపగలే మంచు కమ్మేసింది. ముందున్న మనిషి వీపు కూడా కనబడటం లేదు. పైన వాన, కింద వాగులో నీళ్ళు పెరుగుతున్నాయి. అందరూ గబగబా వాగు దాటేశారు.

చివర వస్తున్న పైడమ్మకి పొద వెనక సన్నగా దగ్గు వినిపించింది. వెళ్ళి చూస్తే నూకాలమ్మ అవ్వ. చీపుర్లు అమ్ముకునే మనిషి. మోకాళ్ళు పట్టేసి కూలబడిపోయింది.

"నువ్వు పోవే గుంటా, నీళ్ళొచ్చేస్తున్నాయి" అంది అవ్వ.

"నాకేం తొందర లేదులే అవ్వా" అని పైడమ్మ ఆమె చెయ్యి తన భుజం మీద వేసుకుంది. అడుగులో అడుగేసుకుంటూ వాగు దాకా తీసుకొచ్చింది. నీళ్ళు అప్పటికే నడుం లోతు. పైడమ్మ గొంతెత్తి, "సూరప్పడు మావా, ఆగండి. ఇంకా ఇద్దరం ఉన్నాం" అని అరిచింది.

డప్పు ఆగింది. అందరూ వెనక్కి పరిగెత్తుకొచ్చారు. చేయీ చేయీ పట్టుకుని వాగుకి అడ్డంగా నిలబడి, అవ్వనీ పైడమ్మనీ ఇవతలికి చేర్చారు.

సూరప్పడు డప్పు కింద పెట్టేశాడు. "ఇన్నేళ్ళు నడిపించాను, ఒక్కసారీ వెనక్కి చూడలేదు" అన్నాడు. "నువ్వెందుకమ్మా ఎప్పుడూ చివర నడుస్తావు?"

"ముందుంటే దారి తప్పుతాను మావా. వెనకుంటే మీరంతా కనబడతారు" అంది పైడమ్మ.

ఆ మాట సూరప్పడికి బాగా నచ్చింది. అప్పటినుంచి ఆ ఊళ్ళో ఒక పద్ధతి పెట్టుకున్నారు. బారు చివరినుంచి పైడమ్మ "నా వెనక ఎవరూ లేరు" అంటేనే డప్పు మోగాలి. ఆ మాట వినబడితే చాలు, చంటిపిల్లల తల్లులూ కాళ్ళనొప్పులవాళ్ళూ ధైర్యంగా సంతకి బయల్దేరేవాళ్ళు. బారు ఇదివరకటి కంటే పొడుగైంది.

చాలా ఏళ్ళు గడిచాయి. సూరప్పడు ముసలివాడయ్యాడు. డప్పు కొడుక్కిచ్చి, నడవలేక నడవలేక వెనకపడుతూ, ఒకరోజు పైడమ్మ పక్కకి చేరాడు.

"నా మూలాన నీకు ఆలస్యం అయిపోతోందమ్మా" అన్నాడు సిగ్గుపడుతూ.

పైడమ్మ తన అడుగు ఇంకాస్త చిన్నది చేసుకుంది. "నా నడకే ఇంత కదా మావా" అంది.

ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ, నవ్వుకుంటూ, ఎండ పూట చెట్ల నీడలో మెల్లగా సంతకి నడిచారు.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంటికి.