హెరాత్ బిడారుకు అందిన ఉత్తరం

"ఉస్తాద్, మన పారశీకంలో మనదెంత, పరాయిదెంత?" అని సియామక్ అడిగాడు. షీరాజు నగరంలో అది గులాబీలు విచ్చే కాలం. మధ్యాహ్నపు ఎండ రెప్పల మీద బరువుగా వాలుతోంది. ఉస్తాద్ నౌజర్‌కు వాదన గిట్టదు. శిష్యులు ప్రశ్న వేస్తే ఏదో ఒక పని అప్పజెప్పి ఊరుకునేవారు.

సియామక్‌కు ఈ మధ్య నిద్రలోనూ మెలకువలోనూ ఒకటే కల. కొండరాళ్ళ మీద పాత రాజులు చెక్కించిన మేకుల్లాంటి అక్షరాలు, ఇప్పుడెవరూ చదవలేనివి, మెల్లగా కదిలి తనను పేరు పెట్టి పిలుస్తున్నట్టుండేది. ఆ రాజుల తర్వాత ఎన్నో ఏళ్ళకు అరబ్బులు వచ్చారు. వాళ్ళ లిపీ, మాటలూ ఇక్కడే ఉండిపోయాయి. గుర్రాల మీద తురుష్కులు వచ్చి మరికొన్ని మాటలు విడిచారు. వాటన్నిటినీ ఏరి పారేస్తే అడుగున అసలు భాష తేటగా కనిపిస్తుందని అతని ఆశ. పాపం, వయసు అలాంటిది.

అంతలో గుల్‌అందాం అనే ముసలమ్మ వచ్చింది. చదువు రానివాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టడం ఉస్తాద్ మదరసాలో రివాజు. ఆమె కొడుకు దావర్ తండ్రితో పోట్లాడి, ఈ గడప తొక్కనని ఒట్టేసి ఎక్కడో దూరాన హెరాత్ నగరానికి వెళ్ళి ఆరేళ్ళయింది. తండ్రి మొన్న పోయాడు. హెరాత్ వెళ్ళే ఒంటెల బిడారు ఈ సాయంత్రమే బయల్దేరుతుంది. మళ్ళీ బిడారంటే ఏడాది మాట. తన ఒంట్లో అంత ఓపిక లేదని ఆమెకు తెలుసు.

"రాసిపెట్టు నాయనా," అన్నారు ఉస్తాద్.

ఆమె చెప్తుంటే సియామక్ రాశాడు. సలాం, దీవించే దువా, ఖబర్ అంటూ పరాయి మాట వచ్చినప్పుడల్లా కలం ఆపి, దాని చోట ముత్తాతల కాలపు మాట వెతికి పొదిగాడు. ఆ ఖబరే ఎన్నో నేలలు దాటి మన తెలుగు ఊళ్ళో కబురై కూర్చుందని అతనికి తెలియదు. తెలిస్తే మనమీదా కోప్పడేవాడే! రాస్తుంటే అతనికి ఒళ్ళు గాల్లో తేలినట్టయింది. పూర్తిచేసి, రాగం తీసి చదివాడు.

ముసలమ్మ భయభక్తులతో విన్నది. "శానా గొప్పగా ఉంది బాబూ, సుల్తానుగారి ఫర్మానాలాగ," అని ముసుగు కొసతో కళ్ళు తుడుచుకుంది. "కానీ ఇది వింటే నా బిడ్డ, అమ్మ కూడా పోయింది, ఎవరో పెద్దమనుషులు రాసి పంపారు అనుకుంటాడు. ఇంకెవరి కోసం వస్తాడు?"

సియామక్‌కు సిగ్గేసింది. తలెత్తలేకపోయాడు. వీధి చివర ఒంటెల గంటలు మోగడం మొదలైంది. రాసింది చింపేసి, "మళ్ళీ చెప్పమ్మా. ఒక్క మాటా మార్చను," అన్నాడు.

"నా దువా నీకు. మీ నాన్న కోపం మీ నాన్నతోనే మట్టిలో కలిసిపోయింది. పొద్దుగూకినా తలుపు గడియ పెట్టట్లేదు. రా, నాయనా."

ఈసారి ఏ మాట ఎక్కడిదో అతనికి తోచనే లేదు. కన్నీళ్ళు కాగితం మీద పడకుండా పక్కకు వంగి రాశాడు. తడి ఆరకముందే పరిగెత్తి, కదిలిపోతున్న బిడారు నాయకుడి చేతిలో పెట్టాడు.

తిరిగి వచ్చాక, ఆయాసం తీరకుండానే, "ఉస్తాద్, నా ప్రశ్నకు మీరింకా జవాబు చెప్పలేదు," అన్నాడు.

"దావర్ వస్తే అతన్నే అడుగు నాయనా," అన్నారు ఉస్తాద్. "ఏ దేశపు మాట విని ఇంటిదారి పట్టాడో."