చూసి చెప్పు

నీలోఫర్‌కి తను రాసిన సమీక్ష మీద గట్టి నమ్మకం.

కాకినాడలో పేరిశాస్త్రి మాస్టారి దగ్గర కొంతకాలంగా సినిమా విమర్శ నేర్చుకుంటోంది. ఒక వెబ్ పత్రిక మొదటిసారి ఆమెకో పెద్ద సినిమా అప్పగించింది. పిడుగుపడి అంతులేని బలం వచ్చిన ఆటోడ్రైవర్ కథ. హీరోగా కొత్త కుర్రాడు. ముందురోజు మొదటి ఆట చూసొచ్చి రాసేసింది. పంపేముందు మాస్టారికి వినిపిద్దామని వచ్చింది.

మాస్టారు జీవితమంతా సినిమాల గురించి రాసిన మనిషి. నీటికాసుల జబ్బుతో చూపు మెల్లమెల్లగా తగ్గి, ఇప్పుడు పూర్తిగా పోయింది. పడక్కుర్చీలో వెనక్కి వాలి, "చదువమ్మా" అన్నారు.

నీలోఫర్ ఫోన్ చూస్తూ చదివింది. సినిమాకి బలం విలన్, నేపథ్య సంగీతం, పరుగెత్తే మొదటి సగం. బలహీనత సాగిపోయిన రెండో సగం, నాసిరకం గ్రాఫిక్స్. అన్నిటికంటే పెద్ద బలహీనత హీరో. "ఈ అబ్బాయి కంటే అతని భుజాల మీద ఎగిరే ఎర్రగుడ్డ బాగా నటించింది."

మాస్టారు పకపకా నవ్వారు. నీలోఫర్‌కి ప్రాణం లేచొచ్చింది.

"పంపించెయ్యనా మాస్టారూ?"

"ఎప్పటిలోగా ఇవ్వాలి?"

"సాయంత్రంలోగా."

"అయితే మ్యాట్నీకి టైముంది. నన్ను తీసుకెళ్తావా? నేను హాల్లో కూర్చుని చాలా కాలమైంది."

"మీరు ఎలా..." అనబోయి నాలిక్కరుచుకుంది.

"నువ్వున్నావు కదా. చూసి చెబుదువుగాని."

హాలు సగం ఖాళీగా ఉంది. వెనక వరసలో ఓ మూలకి కూర్చున్నారు. తెరమీద ఉరుములు మొదలయ్యాయి. మాస్టారు ఆమె వైపు వంగారు.

"ఏం జరుగుతోంది?"

"గ్రాఫిక్స్ బాలేదు మాస్టారూ. ఆ పిడుగుని చూస్తే నవ్వొస్తోంది."

"అది కాదమ్మా. ఏం జరుగుతోంది?"

"పిడుగు పడింది. ఆటో తగలబడిపోయింది. అతను మంటల్లోంచి లేచి నిలబడ్డాడు."

"ఊఁ."

అలాగే చెబుతూ పోయింది. విలన్ వచ్చి పెద్దగా నవ్వాడు. "గొంతున్న మనిషి. కాస్త తగ్గిస్తే ఇంకా భయమేసేది" అన్నారు మాస్టారు. హీరో గుంపు మధ్యన నిలబడి పెద్ద డైలాగు చెప్పాడు. మాస్టారు ముఖం చిట్లించారు.

"అప్పజెబుతున్నాడు పాపం."

"నేను చెప్పలేదూ!" అంది నీలోఫర్ ఉత్సాహంగా.

ఇంకాసేపటికి ఉన్నట్టుండి హాలు నిశ్శబ్దమైపోయింది. మాటల్లేవు. సంగీతమూ లేదు.

"ఏమ్మా, బొమ్మ ఆగిపోయిందా?"

"లేదు మాస్టారూ. నడుస్తోంది."

నిన్న సరిగ్గా ఇక్కడే ఆమె తలొంచుకుని ఫోన్లో ఎర్రగుడ్డ వాక్యం టైపు చేసుకుంటోంది. ఈ సీను చూడనేలేదు.

"చెప్పు."

"ఇంట్లో ఉన్నాడు. వాళ్ళక్క అన్నం పెట్టింది. కంచం దగ్గరికి లాక్కోబోయాడు. కంచం... అప్పడంలా వంగిపోయింది." నీలోఫర్ గొంతు తగ్గించింది. "చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకున్నాడు."

"ఎందుకూ?"

నీలోఫర్ కళ్ళు చికిలించి తెరవైపు చూసింది.

"అక్క మంచినీళ్ళు ఇస్తోంది. తీసుకోవట్లేదు. వెనక్కి జరుగుతున్నాడు. తన చెయ్యి ఆవిడకెక్కడ తగులుతుందోనని భయం మాస్టారూ."

"ముఖం ఎలా ఉంది?"

"ముఖంలో పెద్దగా ఏం లేదు. కానీ మెడ వాల్చేశాడు. దెబ్బలు తిన్న పిల్లాడిలా కూర్చున్నాడు. ఆవిడ ఏమీ అడగలేదు. వంగిన కంచంలోనే అన్నం కలిపింది. ముద్ద చేసి నోటిదగ్గర పెట్టింది. నోరు తెరిచాడు. తింటున్నాడు. చేతులు మాత్రం ఇంకా వెనకే..."

మాట అక్కడే ఆగిపోయింది. ముందు సీటాయన విసుగ్గా వెనక్కి తిరిగాడు. ఆమె ముఖం చూసి, ఏమీ అనకుండా మళ్ళీ తెరవైపు తిరిగిపోయాడు.

మాస్టారు తొందరపెట్టలేదు. చీకట్లో తడుముకుని ఆమె భుజం మీద చెయ్యేశారు.

రెండో సగం ఆమె రాసినట్టే సాగింది. మాస్టారు ఓ కునుకు కూడా తీశారు. ఆట అయిపోయాక చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఎండ ఇంకా తగ్గలేదు. మెట్లు దిగుతూ అడిగింది.

"మాస్టారూ, నేను రాసినవేవీ అబద్ధాలు కావు కదా?"

"కావమ్మా. ఒక్కటీ కాదు."

"మరి నాకెందుకిలా ఉంది?"

మాస్టారు ఆఖరి మెట్టు మీద ఆగారు.

"కుర్రాడు డైలాగు అప్పజెప్పడం నాకూ వినపడింది. సినిమా సాగితే నాకూ నిద్రొచ్చింది. వాటికి కళ్ళక్కర్లేదు" అన్నారు. "ఆ అన్నం ముద్ద మాత్రం, నువ్వు చూస్తేగానీ నాకు దక్కలేదు."