తోటలో రాజుగారి స్నానం

ఒకానొక రాజ్యంలో నేలంతా నీరు నిలవని ఎర్ర గరుగు. ఏడాదికి పది వానలు పడితే అదే గొప్ప. అయినా అక్కడ మనుషులు బతికేవాళ్ళు, వాళ్ళ పెరళ్ళలో మొక్కలూ బతికేవి. ఎలా బతికేవో ఆ దేశపు రాజుకు మాత్రం తెలియదు. ఆయన పేరు చండభూపతి. ఆయన మీసాలు దువ్వడానికి ఒక మనిషి, దువ్విన మీసాలు బావున్నాయని చెప్పడానికి ఇంకొక మనిషి ఉండేవాళ్ళు.

ఒక ఏడు ఆయన సముద్రం పక్కన ఉండే ఇంకో రాజుగారింటికి చుట్టపుచూపుగా వెళ్ళివచ్చాడు. అక్కడ కోట ముందు నేలంతా పచ్చిక, తివాచీ పరిచినట్టు. అది చూసిన కాణ్ణించీ చండభూపతికి అన్నం సయించలేదు. వచ్చీ రాగానే తన కోట ముందున్న వేపచెట్లూ కానుగచెట్లూ కొట్టించేశాడు. బళ్ళమీద ఆ పచ్చికే తెప్పించి నాటించాడు. దసరాకు ఆ రాజు ఇక్కడికి వస్తాడు, వచ్చి చూసి కుళ్ళుకోవాలి. అదీ ఆయన కోరిక.

పచ్చిక నాటిన నెలకు ఎండలు ముదిరాయి. పొద్దున వంద కడవలు పోస్తే మధ్యాహ్నానికి పసుపు రంగుకు తిరిగేది. సాయంత్రం మళ్ళీ వంద. ఊళ్ళో బావులు అడుగంటాయి కానీ గడ్డి దాహం తీరలేదు. అప్పుడు రాజు కొలువులో మీసం మెలేసి ఒక ఆజ్ఞ ఇచ్చాడు.

"నేటినుంచి ఈ పట్టణంలో ఒక్క నీటిబొట్టు కూడా నా తోటలో తప్ప ఇంకెక్కడా నేలమీద పడకూడదు. ఎవరి పెరట్లో పచ్చటి మొక్క ఉంటే వాళ్ళు నీళ్ళు దొంగిలించినట్టే లెక్క. గురువారంనాడు భటులు వచ్చి ఆ మొక్కలు పెరికేస్తారు. ఇందులో రాజయినా ఒకటే, బంటయినా ఒకటే."

ఆ చివరి మాట ఆయన ఊరికే గంభీరంగా ఉంటుందని అన్నాడు. మంత్రి తిరుమలయ్య దాన్ని కూడా రాయించాడు, రాజముద్ర వేయించాడు, ఆదివారం దండోరా వేయించాడు.

ఆ దండోరా సాలెవీధిలో ఓబులమ్మ చెవిన కూడా పడింది. ఓబులమ్మ కోటలో స్నానాలగది చూసుకునే మనిషి. అరవై దాటిన వయసు. రోజూ తెల్లవారకముందే వెళ్ళి రాగి గంగాళంలో రాజుగారికి వేణ్ణీళ్ళు కాచేది. చండభూపతి చిన్నపిల్లాడుగా ఉన్నప్పుడు కుంకుడురసం కళ్ళలో పడి ఏడిస్తే ఊదింది కూడా ఆవిడే.

ఓబులమ్మ పెరడు చాపంత. అందులో స్నానం చేసే బండ పక్కన ఒక అరటిచెట్టు గెల వేసి ఉంది. ఇంకో మూడు వారాలకు పక్వానికి వస్తుంది. కోడలు సుంకులికి ఏడో నెల. ఏమి తిన్నా ఇమడని ఆ పిల్ల ఆ గెల వైపే చూస్తూ రోజులు లెక్కపెట్టుకుంటోంది. దండోరా విని సుంకులి వెళ్ళి అరటిబోదెను పట్టుకుని నిలబడిపోయింది.

"మనం ఎవరి నీళ్ళు దొంగిలించామత్తా?" అంది.

"ఎవరివీ కాదమ్మా. మనం ఒళ్ళు కడుక్కున్న నీళ్ళే అది తాగింది."

ఇరుగుపొరుగు వచ్చి చేరారు. అందరి పెరళ్ళదీ అదే కథ. ఎదురింటి వీరన్న, నువ్వు రోజూ రాజును చూసే దానివి కదా ఓబులక్కా, ఒక మాట చెప్పరాదా అని అడిగాడు.

"చెబితే దిగే చెవి కాదు నాయనా అది. నెత్తిన పోస్తే దిగుతుందేమో చూస్తాను," అంది ఓబులమ్మ.

సోమవారం పొద్దున్నే చండభూపతి స్నానానికి వచ్చాడు. చూస్తే గదిలో పీట లేదు, చెంబు లేదు, గంగాళమూ లేదు. ఓబులమ్మ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

స్నానం తోటలో ఏర్పాటు చేశానని చెప్పింది. రాజు కళ్ళెర్రజేశాడు. ఆవిడ నెమ్మదిగా అంది:

"ఇక్కడ మీరు స్నానం చేస్తే నీళ్ళు తూములోంచి గోడవతలకు పోతాయి దొరా. అక్కడ నేలమీద పడతాయి. తోటలో తప్ప ఇంకెక్కడా పడకూడదని మీ ఆజ్ఞ. రాజయినా ఒకటేనని దండోరాలో చెప్పారు. నా చేతుల మీదుగా మీ మాట తప్పించమంటారా?"

రాజు తన వెనకే వచ్చిన మంత్రి వైపు చూశాడు. మంత్రి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఆజ్ఞ మార్చుకుంటే రాజు మొదటిరోజే తగ్గాడంటారు. చండభూపతికి తగ్గడమంటే ప్రాణం మీదికి వచ్చినట్టు.

సరే, పచ్చిక మధ్యలో నాలుగు దుప్పట్లు అడ్డం పట్టుకుని నలుగురు మొహాలు అటు తిప్పి నిలబడ్డారు. గాలి వచ్చినప్పుడల్లా దుప్పట్లు లేచేవి. గోడమీది కాకులు మాత్రం మొహాలు తిప్పుకోలేదు.

అంతటితో అయిందా? రాజు పుక్కిలించాలంటే తోటలోకి రావాలి. భోజనం అయ్యాక చేయి కడగాలంటే ఎంగిలి చెయ్యి పైకెత్తుకుని రెండువందల అడుగులు నడవాలి. వంటవాళ్ళు బియ్యం తోటలోనే కడిగారు, కూరగాయలు తోటలోనే కడిగారు. అన్నం పొయ్యెక్కేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మంగళవారం పక్క సంస్థానం రాయబారి వస్తే, గుమ్మంలో కాళ్ళకు నీళ్ళివ్వాల్సిన వాళ్ళు ఆయన్ను పచ్చికలోకి తీసుకెళ్ళి నిలబెట్టారు. ఆ పెద్దాయన మడమల దాకా బురదలో దిగబడి, ఇది ఈ దేశపు మర్యాద కాబోలనుకుని ఊరుకున్నాడు. రాజు సిగ్గుతో ఆ పూట దర్బారు మానేశాడు.

బుధవారం వచ్చింది. బుధవారం రాజుగారికి తలంటు. ఓబులమ్మ తీరిగ్గా నువ్వులనూనె పట్టించింది, నలుగు పెట్టింది. ఎండ చుర్రుమంటోంది. నీడలోకి జరుపు అన్నాడు రాజు. నీడ ఎక్కడిది, కొట్టేసిన వేపమొద్దులు తప్ప, అంది ఓబులమ్మ. గడ్డి నీడ చీమకు చాలుతుంది కానీ రాజుకు చాలదు కదా. తరువాత కుంకుడురసం పోసింది. నురగ కళ్ళలో పడింది. రాజు లేవబోయి, బురదలో కాలు జారి, పీటతో సహా కూలబడ్డాడు.

కళ్ళు గట్టిగా మూసుకుని ఆయన అరిచాడు:

"ఇదేం ఖర్మ? మొక్కల కోసం నేను పరిగెత్తడమేంటి? నీళ్ళు పడేచోటికే మొక్కల్ని తీసుకెళ్ళి పెట్టండి."

ఓబులమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. దుప్పటి అవతల దండోరా వేసే సాంబడు నిలబడి ఉన్నాడు. ఓబులమ్మే ఏదో పని ఉందని పిలిపించింది.

"నీళ్ళ చప్పుడులో సరిగా వినపడలేదు దొరా," అంది ఆవిడ. "ఇంకోసారి సెలవిస్తే సాంబడు వింటాడు."

రాజు రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాడు. నీళ్ళు ఎక్కడ పడితే మొక్క అక్కడే ఉండాలి, ఇది నా ఆజ్ఞ అన్నాడు. తప్పెట మోగింది. అప్పుడు ఓబులమ్మ చల్లటి మంచినీళ్ళతో ఆయన కళ్ళు కడిగి, చిన్నప్పటిలాగే ఊదింది.

"ఈ ఆజ్ఞను మా సాలెవీధి ఎన్నో ఏళ్ళుగా పాటిస్తోంది దొరా. దానికే రేపు మీ భటులు వచ్చి మా మొక్కలు పెరికేస్తారు."

రాజు ఒక కన్ను తెరిచాడు. తరువాత రెండోది తెరిచాడు. ఒళ్ళు తుడుచుకుని, మీసాలు కూడా దువ్వించుకోకుండా, చూపించు పద అన్నాడు.

సాలెవీధిలోకి రాజు రావడం అదే మొదలు. ఓబులమ్మ పెరట్లోకి ఆయన తల వంచుకుని దిగాడు. ఆవిడ ఒక్కొక్కటే చూపించింది. స్నానం బండ నీళ్ళకు అరటి. గిన్నెలు తోమే నీళ్ళకు చేమ. ఇంటికప్పు మీది వాననీళ్ళు దిగేచోట గొయ్యి తీసి, దాని గట్టుమీద మునగ. పడమటి గోడకు సొరతీగ, సాయంత్రం ఎండ ఇంట్లోకి రాకుండా. ఏ నీళ్ళూ అందని మూలలో కలబంద, సీతాఫలం. అవి ఎవరినీ ఏమీ అడగవు.

"ముందు మొక్క తెచ్చుకుని తరువాత నీళ్ళు వెతుక్కోం దొరా," అంది ఓబులమ్మ. "కొత్తగా ఇల్లు కట్టుకుంటే ఏడాదిపాటు ఊరికే చూస్తాం. వాననీళ్ళు ఎటు పోతున్నాయి, నీడ ఎటు వాలుతోంది, ఏ మూల తడి ఆరడం లేదు. నేల తనే చెబుతుంది. ఆ తరువాతే నాటుతాం."

"నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్ళూ?"

"మీరు కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు తప్ప నా మాట ఎప్పుడు విన్నారు నాయనా?"

రాజు వెంట వచ్చిన మంత్రి తిరుమలయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. సుంకులి తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుంది. చండభూపతి ఆ ముసలావిణ్ణి చూశాడు, ఒంటికి అంటిన బురద చూసుకున్నాడు, మూడు రోజుల నుంచి దుప్పట్ల మధ్య తన అవస్థ తలుచుకున్నాడు. ముందు మీసం కదిలింది. తరువాత బొజ్జ కదిలింది. ఆ తరువాత వీధి చివరి దాకా వినపడేలా నవ్వాడు.

మొక్కలు పెరికే ఆజ్ఞ అక్కడే రద్దయింది. బావులు ఊరివాళ్ళకు వదిలేశారు. ఓబులమ్మకు రాజు తన మెడలోని పతకం ఇచ్చి, ఈ రాజ్యంలో తోటలకు నువ్వే పెద్ద, ఏ వీధిలో ఏ మొక్క ఎక్కడుండాలో నువ్వే చెప్పాలి అన్నాడు. సరేనంది కానీ గంగాళం మాత్రం వదలనంది. మూడు వారాలకు గెల పండింది. మొదటి అత్తం పళ్ళు సుంకులివి, రెండోది కోటకు వెళ్ళింది.

ఇక కోట ముందు పచ్చిక ఎండిపోతే ఎవరూ ఏడవలేదు. అక్కడ వాననీళ్ళకు గుంటలు తవ్వారు. గట్లమీద వేపమొక్కలు నాటారు. మొదటిది రాజే తన చేత్తో నాటాడు. అది నీడ ఇచ్చేనాటికి తన మీసం నెరుస్తుందని ఆయనకు తెలుసు. అయినా రోజూ వెళ్ళి ఎన్ని ఆకులు వేసిందో చూసుకునేవాడు. ఆశ కదా మరి.

దసరాకు సముద్రం పక్క రాజు వచ్చాడు. పల్లకీ దిగి అటూ ఇటూ చూసి, ఏదో గొప్ప తోట వేశారని విన్నాను, ఎక్కడండీ అని అడిగాడు.

చండభూపతి మీసం మెలేసి, ఆయన్ను చేయి పట్టుకుని నేరుగా స్నానాలగది వెనక తూము దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఓబులమ్మ తన పెరటి పిలకలు తెచ్చి నాటిన అరటిచెట్లు కోటగోడ అంత ఎత్తున ఊగుతున్నాయి. చెంబుతో నీళ్ళు పట్టుకుని ఓబులమ్మ నిలబడి ఉంది.

"చూపిస్తాను," అన్నాడు చండభూపతి. "ముందు మీరు ఇక్కడ కాళ్ళు కడుక్కోండి."